బ్లూ జాగర్, కేప్: రెండు జతల దుద్దులతో సంగారెడ్డిలో ఒక రోజు

ఈ ప్రయాణానికి కారణం మా తోటికోడలు స్వరూప దుద్దులోంచి ఒక రవ్వ ఊడిపోవడం. ఆ సంగతి ఫోన్లో విన్నప్పుడు నాకు లోపల ఎక్కడో కొంచెం సంతోషం కలిగిందని ముందే చెప్పేస్తాను. ఇంట్లో పాత రవ్వల నగలుండి, వాటి రంగు గురించి పెద్దవాళ్ళు వాడిన మాటలకు అర్థం తెలుసుకోవాలనుకునేవాళ్ళు సంగారెడ్డి ఎలా వెళ్ళాలో, అక్కడ ఏం చూడాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ఆ సంతోషాన్ని దాచిపెట్టి రాస్తే తర్వాత జరిగినదేదీ మీకు సరిగ్గా అర్థం కాదు.

మా మామయ్యగారు తెనాలి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరు దగ్గరి రామచంద్రాపురంలో స్థిరపడ్డారు. అత్తయ్యకు రెండు జతల ఏడు రాళ్ళ దుద్దులు ఉండేవి. నా పెళ్ళిలో ఒక జత నాకు పెట్టింది. ఎనిమిదేళ్ళ తర్వాత మా మరిది స్వరూపను రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాడు. స్వరూప వాళ్ళది కంది దగ్గరి పల్లె, తరతరాలుగా వ్యవసాయం చేస్తున్న కుటుంబం. ఆ పెళ్ళి ఇష్టం లేక వాళ్ళ వైపు నుంచి ఒక్కరూ రాలేదు. రిసెప్షన్ సాయంత్రం అత్తయ్య తన చెవులకున్న రెండో జత తీసి, అందరూ చూస్తుండగా స్వరూప చెవులకు పెట్టింది. మాకు నగలు చేసే ఆచారిగారు పక్కనే ఉన్నారు. "అవి బ్లూ జాగర్ తల్లీ, ఇప్పుడు కొందామన్నా దొరకవు. పెద్దకోడలివి కేప్ కదా" అన్నారు మెచ్చుకోలుగా.

అంతవరకూ నా దుద్దులకు ఒక పేరుందని నాకు తెలియదు. తర్వాత ఆచారిగారినే అడిగాను. కేప్ అంటే పసుపు ఛాయ ఉన్న రవ్వ అనీ, బ్లూ జాగర్ అంటే ఎండలో నీలి మెరుపు వచ్చే తెల్ల రవ్వ అనీ చెప్పారు. ఇక ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా నా కళ్ళు ముందు స్వరూప చెవుల మీదకే పోయేవి. ఫోటోల్లో ఆమె మొహం పెద్దది చేసి చూసేదాన్ని. వాటి విలువ తెలియనట్టు కూరగాయల మార్కెట్‌కు కూడా పెట్టుకుని వెళ్తుందని మా ఆయన దగ్గర సణిగేదాన్ని. ముందు ఈ ఇంటికి వచ్చింది నేను. అత్తయ్య మోకాళ్ళ ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రిలో పడుకున్నది నేను. ఇప్పటికీ ఆవిడ ఉండేది నా దగ్గరే. అయినా ఎందుకలా చేశారని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చిన్నబోతానని భయం. స్వరూపకూ నాకూ మధ్య పద్దెనిమిదేళ్ళుగా ఒక్క మాట తేడా రాలేదు. ఆమె నన్ను మీరు అనేది, నేను ఆమెను ఎప్పుడూ నవ్వుతూనే పలకరించేదాన్ని.

రవ్వ పోయిన సంగతి చెప్పి స్వరూప అంది, "ఆదివారం నిహారిక ఓణీల ఫంక్షన్ ఉన్నది గదా అక్కా. సంగారెడ్డిల శకుంతలమ్మ అని రాళ్లు పొదుగుతది, పాత రాళ్ల సంగతి ఆమెకు ఎరుకట. జోడు రాయి ఉంటదేమో అడుగుదాం, మీరు గూడ వస్తరా? మీవి గూడ కడిగిచ్చుకోవచ్చు." నిహారిక ఆమె ఒక్కగానొక్క కూతురు. వస్తానన్నాను. జోడు రాయి దొరకదని అప్పటికే నా మనసులో గట్టి నమ్మకం, ఆ మాట శకుంతలమ్మ నోటినుంచి వస్తుంటే దగ్గరుండి వినాలనిపించింది.

బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు పటాన్‌చెరులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ డబ్బులు లేవు. ఎనిమిది లోపు వెళ్తే కంపెనీల షిఫ్టు రద్దీలో నిలబడాల్సి వస్తుంది, ఆ తర్వాతైతే సీటు దొరుకుతుంది. దుద్దులు చెవులకే పెట్టుకుని, పైన కొంగు కప్పుకున్నాను. ముంబై రోడ్డు మీద ఇస్నాపూర్ దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. పాశమైలారం వైపు తిరిగే మలుపులో కంపెనీ బస్సులు, ట్యాంకర్లు ఇరుక్కుని ఉన్నాయి. రాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్ళు హిందీలో మాట్లాడుకుంటూ ఎక్కి, కూర్చున్న చోటే నిద్రపోయారు. కిటికీలోంచి మందుల కంపెనీల ఘాటు వాసన. రుద్రారం దాటాక గాలి తేలికపడింది. సంగారెడ్డికి ముందు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్వరూప వాళ్ళ ఇల్లు అక్కడే.

స్వరూప రోడ్డు పక్కనే ఎదురుచూస్తోంది. దుద్దులు దూదిలో చుట్టి పర్సులో పెట్టుకుంది. చెవులకు చిన్న బంగారు రింగులున్నాయి. ఆ చెవులను అలా చూడడం నాకు కొత్తగా, హాయిగా అనిపించింది. పాత బస్టాండుకు షేర్ ఆటో మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవరు మమ్మల్ని అద్దంలో చూసి "అక్కచెల్లెండ్లా అమ్మా?" అని అడిగాడు.

"తోటికోడండ్లం" అంది స్వరూప.

"గట్లనా. మా ఇంట్ల తోటికోడండ్లు ఒక ఆటోల కూసునుడు నేనైతే సూడలే" అన్నాడతను. ఇద్దరం నవ్వాం. నా నవ్వు కొంచెం ఎక్కువసేపు సాగింది.

శకుంతలమ్మ దుకాణం పాత బస్టాండు వెనక బజారులో, స్టీలు సామాన్ల షాపును ఆనుకుని ఉంది. పైన బోర్డు లేదు, ఎవరినడిగినా చూపిస్తారు. అరవై దాటిన మనిషి. భర్త పోయాక పదేళ్ళుగా తనే పొదుగుడు పని చేస్తోంది. పని బల్ల గుమ్మం పక్కన, ఉత్తరం వెలుతురు పడేలా వేసుకుంది. రవ్వల రంగు అక్కడే చూస్తుంది, బల్బు కింద చూడదు. ఉదయం పూట వెళ్ళమని నేను చెప్పేది అందుకే. మధ్యాహ్నం ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు మీంచి ఎర్రటి వెలుతురు లోపలికి కొడుతుంది.

శకుంతలమ్మ స్వరూప దుద్దులను సబ్బు నీళ్ళలో మెత్తటి బ్రష్షుతో కడిగి, తుడిచి, ఎండలోకి పట్టుకుని చూసింది. "జాగరే బిడ్డా. మంచి జాగర్" అంది. ఆ మాట నా ముందు మరోసారి అనడం అవసరమా అనిపించింది. అసలు ఈ పేర్లేమిటని అడిగాను.

"మా మామ బొంబాయి సేట్ల కాడ పని నేర్చిండు. ఇప్పుడు సర్టిఫికెట్ల మీద అక్షరాలు రాస్తున్నరు గదా, డి, ఇ, ఎఫ్ అనుకుంట. గప్పుడు గివన్నీ లెవ్వు. అన్నిటికన్న తెల్ల రాయిని రివర్ అనెటోళ్లు, నది అన్నట్టు. నదులల్ల దొరికిన రాళ్లు నీళ్ల తీరుగ ఉంటయని. దాని కింద వెసెల్టన్, గది గనుల పేరు. దాని కింద క్రిస్టల్. ఇగ జెర పసుపు కనిపిస్తే కేప్. ఆఫ్రికా కొస కాడికెల్లి వచ్చిన రాళ్లు ఎక్కువ పసుపుగ ఉండెనట. జాగర్ గూడ ఆడి గని పేరే. గది నీలంగ తిరుగుతది, ఎండల."

తర్వాత నేను ఇంటికొచ్చి చదివితే ఆవిడ చెప్పింది సరిగ్గానే ఉంది. ఎండలో కంటికి కనపడని కిరణాలుంటాయి, కొన్ని రవ్వలు వాటికి నీలంగా వెలుగుతాయి. మన వైపు ఆ నీలి వెలుగున్న తెల్ల రవ్వలనే బ్లూ జాగర్ అంటూ వచ్చారు. గని వేరైనా పేరు మాత్రం నిలిచిపోయింది. ఇప్పటి పెద్ద షోరూముల్లో ఈ మాటలు అంటే కుర్రాళ్ళు అర్థం కాక మేనేజరు వైపు చూస్తారు. పాత నగలు మార్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు ఈ పేర్లు తెలుసుకుని వెళ్తే మంచిది.

శకుంతలమ్మ తన దగ్గరున్న కాగితం పొట్లాలు విప్పి చాలాసేపు వెతికింది. చివరికి తల అడ్డంగా ఊపింది. ఆ సైజులో, ఆ పాత కోతలో జాగర్ లేదు. చెప్పి పెడితే నెలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు. ఆదివారానికి కాదు. స్వరూప మొహం వాడిపోయింది. "అయ్యో" అన్నాను. ఆ అయ్యో నిజమైంది కాదు.

అప్పుడు శకుంతలమ్మ నా వైపు చూసి, "నీవి గూడ తియ్యి బిడ్డా, కడిగిస్త" అంది. తీసి ఇచ్చాను. కడుగుతూ ఎడమ దుద్దు దగ్గర ఆగింది. అటూ ఇటూ తిప్పింది. ఏమీ అనకుండా లేచి సగం షట్టరు దించి, నల్లగుడ్డ కప్పిన డబ్బా ముందుకు లాగింది. నోట్లు మంచివో కావో చూసే ఊదారంగు లైటు అందులో ఉంది. మొదట స్వరూప దుద్దులు పెట్టింది. పదమూడు రవ్వలూ నీలంగా, కొన్ని ఎక్కువగా కొన్ని తక్కువగా వెలిగాయి. ఊడిన చోట మాత్రం నల్లటి చుక్క. తర్వాత నావి పెట్టింది. పదమూడు రవ్వలు చీకట్లోనే ఉండిపోయాయి. ఎడమ దుద్దులో అడుగున ఉన్న ఒక్క రవ్వ మాత్రం నీలంగా వెలిగింది.

"ఇది కేప్ కాదు. జాగర్" అంది శకుంతలమ్మ. "వెనక బంగారం మూసి పెట్టిన బిగింపు గదా, అందుకే పసుపుల పసుపుగ కలిసిపోయింది. ఎప్పుడో ఎవలో మార్చిన్రు."

ఇన్నేళ్ళూ స్వరూప చెవుల్లో చూసి కుమిలిన రంగు నా చెవిలోనే ఉంది. నేను రోజూ అద్దంలో చూసుకున్నాను, కనపడలేదు. ఆ డబ్బాలోకి మళ్ళీ మళ్ళీ వంగి చూశాను.

శకుంతలమ్మ మాత్రం పని తెలిసిన మనిషి, ఆమెకు లెక్క వెంటనే కుదిరిపోయింది. "కేప్ రాళ్లు నా కాడ ఉన్నయి. పెద్దమ్మాయి దాంట్లకెల్లి జాగర్ తీసి చిన్నమ్మాయికి పెడత. పెద్దమ్మాయికి నా కాడి కేప్ పెడత. రెండు జతలు సక్కగైతయి. సాయంత్రానికి ఇచ్చేస్త."

స్వరూప నా వైపు తిరిగింది. ఆ కళ్ళల్లో అంత ఆశ ఎప్పుడూ చూడలేదు. ఎవరు విన్నా న్యాయమైన మాటే అది. పోగొట్టుకున్నవాళ్ళకు దొరుకుతుంది, అతకనిది అతికే చోటికి పోతుంది. "ఆలోచించి చెప్తాం" అన్నాను. శకుంతలమ్మ ఒంటిగంటకు భోజనానికి ఇంటికి వెళ్ళి మూడింటికి వస్తుంది. నా దుద్దులు నేను మళ్ళీ పెట్టేసుకున్నాను.

అదే బజారు చివర ఇద్దరు ఆడవాళ్ళు నడిపే మెస్ ఉంది. భోజనం నూట ఇరవై. పప్పు, దొండకాయ వేపుడు, పచ్చిపులుసు, అడిగితే జొన్నరొట్టె. పన్నెండున్నరకే వెళ్తే వేడిగా దొరుకుతుంది, మేము వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. మూలన కూర్చున్నాం. వడ్డించే ఆవిడ వచ్చి "పచ్చిపులుసు ఇంకింత పొయ్యాల్నా?" అంటే స్వరూప వినిపించుకోలేదు. ఆమె చూపు నా ఎడమ చెవి మీద ఉంది. చెయ్యి అన్నంలో ఉంది గానీ కలపడం లేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా నేను చూసింది అలాగే. అది నా మీదికి తిరిగేసరికి, సిగ్గుపడాల్సింది పోయి గర్వంగా అనిపించింది. కొంగు కొంచెం వెనక్కి జరుపుకున్నాను కూడా.

"ఒక్క రాయే గదా అక్కా" అంది చివరికి. "మీకు అది ఉన్నా లేకున్నా కనిపియ్యదు. ఇన్నేండ్లు మీకే తెల్వలే."

"ఇప్పుడు తెలిసింది కదా."

"ఆదివారం నా బిడ్డ ఫంక్షన్ ఉన్నది."

"నీకు పదమూడు ఉన్నాయి స్వరూపా. నాకు ఒక్కటి. ఆ ఒక్కటి కూడా కావాలా నీకు?"

ఆ మాట పైకి అనేశాక నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. స్వరూప చెయ్యి కడిగేసుకుంది. "గట్లనా" అంది మెల్లగా. "నువ్వు అప్పటిసంది గిదే మనసుల పెట్టుకున్నవా? నేను పెట్టుమన్ననా నాకు? అత్తమ్మ పెట్టింది. పోయి అత్తమ్మను అడుగు."

ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. నాకు కోపం తన్నుకొచ్చింది. సరే, అడుగుతానని ఇంటికి ఫోన్ కలిపాను. అత్తయ్యకు చెవులు కొంచెం మందం, మెస్‌లో గోల. స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాను. పక్కన స్వరూప ఉందని చెప్పలేదు. చెప్పాలని అప్పుడు తట్టలేదనుకుంటాను. తట్టినా చెప్పేదాన్ని కాదేమో.

ముందు నా దుద్దులో జాగర్ రాయి సంగతి అడిగాను. అత్తయ్య వెంటనే గుర్తుపట్టింది. "అవునే విజయా. నీ పెళ్ళికి ముందు ఆ జతలో ఒక రవ్వ పడిపోయింది. కొత్త రాయి వెయ్యడానికి మనసొప్పక, మా అమ్మ ముక్కుపుడకలోది తీయించి వేయించాను. నీకు చెప్పలేదూ? మర్చిపోయి ఉంటాను."

"మరి మీ చెవులకున్న బ్లూ జాగర్ జత స్వరూపకు ఎందుకు పెట్టారత్తయ్యా?" పద్దెనిమిదేళ్ళ ప్రశ్న ఇంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది.

"దానికేముంది. నీకు మీ వాళ్ళు అన్నీ పెట్టి పంపారు. ఆ పిల్ల బోసి చెవులతో వచ్చింది. మన చుట్టాలంతా ఆ చెవులే చూసి గుసగుసలాడుతున్నారు. ఎక్కడో పల్లెటూరి పిల్ల, దిక్కులేని పెళ్ళి అని ఎవరో అన్నారు కూడా. జాలేసింది. వాళ్ళ నోళ్ళు మూయించాలని నా చెవులవి తీసి పెట్టేశాను. నీదీ దానిదీ పోల్చి చూడలేదు నేను."

నేను ఆశపడ్డ సమాధానం ఇదే. ప్రేమ ఎక్కువై పెట్టలేదు. నా కంటే ఆమె మేలని పెట్టలేదు. జాలితో పెట్టింది. గెలిచినట్టు తలెత్తి చూశాను. స్వరూప ఫోన్ వైపే చూస్తోంది. కళ్ళనీళ్ళు లేవు, కానీ మొహంలో రక్తం లేదు. ఆ దుద్దులను ఆమె ఎంత గర్వంగా పెట్టుకునేదో నాకంటే ఎవరికి తెలుసు? అత్తగారు అందరిలో తనను ఒప్పుకున్న గుర్తు అని ఒకసారి మా పిల్లలకు చెబుతుంటే విన్నాను. ఫోన్ ఆపుదామని చెయ్యి చాపాను. ఆమె ఆ ఫోన్ తన వైపు జరుపుకుంది.

"అత్తమ్మా, నేను ఈడనే ఉన్న" అంది.

అవతల టీవీ శబ్దం ఆగింది.

"నేను బోసి చెవులతోని రాలే అత్తమ్మా. మా అమ్మ కమ్మలు నా బ్యాగుల ఉండె. ఎవలకు తెల్వకుంట అమ్మనే పంపింది. అమ్మ వచ్చి ఆమె చేతులతోని పెడితేనే పెట్టుకుందామని ఆగిన. గంతే."

"నాకు తెలియదమ్మా" అంది అత్తయ్య. "నేను నిన్ను అడగలేదు. అడగాల్సింది."

"ఏం గాదు. మందు గోలీలు ఏసుకున్నరా?" అంది స్వరూప. వేసుకున్నానని అత్తయ్య అన్నాక ఫోన్ పెట్టేసింది. వడ్డించే ఆవిడ మా విస్తళ్ళు చూసి, "కూరలు మంచిగ లేవా అమ్మా?" అని అడిగింది. మంచిగున్నాయని స్వరూప లేచింది. డబ్బులు నేనిచ్చాను.

మూడింటి దాకా బజారులో నడిచాం. ఆమె ముందు, నేను వెనక. క్షమించమని అనడానికి రెండు మూడు సార్లు నోరు తెరిచాను, ఏ సంగతికి క్షమించమనాలో తేలలేదు. నిహారిక కోసం గాజుల దుకాణంలో ఆగితే నా చెయ్యి పట్టుకుని సైజు చూసింది. ఆ పిల్ల చెయ్యీ నా చెయ్యీ ఒక్కటే కొలత.

షట్టరు తెరవగానే నేనే ముందు లోపలికి వెళ్ళి నా ఎడమ దుద్దు తీసి బల్ల మీద పెట్టాను. "రాయి తీసి తనకు పెట్టండమ్మా" అన్నాను. ఈసారి నిజంగానే అన్నాను. శకుంతలమ్మ పట్టకారు అందుకుంది.

"ఒద్దమ్మా" అంది స్వరూప వెనక నుంచి. "నా దాంట్ల కేప్ పెట్టు."

"కనిపిస్తది బిడ్డా. పదమూడు తెల్లగ, ఒకటి పసుపుగ."

"కనిపియ్యనీ."

నేను గట్టిగానే పట్టుబట్టాను. ఆదివారం అందరూ వస్తారు, చూస్తారు, ఏదో ఒకటి అంటారు అన్నాను. ఆమె నా దుద్దు తీసి నా చేతిలో పెట్టింది. "వాళ్లు సూస్తరనే గదా అత్తమ్మ నాకు పెట్టింది. ఇగ మళ్ల వాళ్ల కోసమే ఇంకో రాయి ఎందుకు? నేను అడిగితే ఇయ్యలే గని, ఇప్పుడు జాలికి ఇస్తున్నవ్. నాకొద్దు అక్కా. కోపం లేదు. ఉంచుకో, మీ అమ్మమ్మగారి ముక్కుపుడకది." అత్తయ్య వాళ్ళ అమ్మ నాకు అమ్మమ్మ వరస కాదు గానీ సరిదిద్దలేదు. దుద్దు మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

శకుంతలమ్మ పొట్లంలోంచి సైజుకు సరిపోయే కేప్ రవ్వ ఏరి, గంటలో పొదిగేసింది. రాయి ధర బరువును, రంగును బట్టి ఉంటుంది, పొదుగుడు కూలి వేరు. రెండూ ముందే విడివిడిగా అడిగి తెలుసుకోండి. కడిగినందుకు ఏమీ తీసుకోలేదు. స్వరూప అక్కడే రింగులు తీసి దుద్దులు పెట్టుకుంది. గుమ్మంలో నిలబడితే సాయంత్రపు ఎండకు ఆ పసుపు రవ్వ విడిగా కనిపించింది. కనిపించదని ఆమెకు అబద్ధం చెప్పబోయి మానేశాను.

నాలుగున్నరకు ఆటోలో పోతిరెడ్డిపల్లి వచ్చాం. దిగేటప్పుడు, "ఆదివారం జల్దీ రా అక్కా. మా అమ్మ ఆ కమ్మలు తన చేతులతోని నిహారికకు పెడ్తదట, నువ్వు పక్కన ఉండాలె" అంది. నేను చౌరస్తాలో బస్సెక్కాను. ఐదు తర్వాత ఇస్నాపూర్ దగ్గర షిఫ్టు మారే రద్దీ మొదలవుతుంది, ఆ లోపు దాటితే గంటలో పటాన్‌చెరు చేరతారు. నేను దాటలేకపోయాను. ఆగిన బస్సులో చాలాసేపు చెవి తడుముకుంటూ కూర్చున్నాను.

ఆదివారం వెళ్ళాను. మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు స్వరూప చెవి వైపు వంగి, అదేంటి ఆ రాయి తేడాగా ఉందని అడిగారు. "ఒకటి ఊడిపోయింది, కేప్ పెట్టిచ్చిన" అని చెప్పి ఆమె వడ్డనకు వెళ్ళిపోయింది. అంతే, మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆమె చోట నేనుంటే జుట్టు చెవి మీదకు దువ్వుకునేదాన్ని, ఆ వైపు ఎవరినీ కూర్చోనిచ్చేదాన్ని కాదు. దూరం నుంచి ఆమెను చూస్తుంటే పాత అసూయే మళ్ళీ లేచింది. పద్దెనిమిదేళ్ళు నేను చూసింది రాళ్ళ రంగు. అది కొంచెం నాకూ ఉందని తేలిపోయింది. వద్దని అనగలగడం, అడిగినవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పి ముందుకు వెళ్ళిపోవడం మాత్రం నాకు లేదు. రివర్, వెసెల్టన్, క్రిస్టల్, కేప్ అని రాళ్ళకు పేర్లు పెట్టినవాళ్ళు మనుషులకు పెట్టకపోవడం నా అదృష్టం. అత్తయ్య ఇప్పుడు వారానికోసారి తనంతట తనే స్వరూపకు ఫోన్ చేస్తోంది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుతుంది. ఏం మాట్లాడుకుంటారో అని నాకు అసూయగానే ఉంటుంది, కానీ ఈసారి అడిగేశాను. "నీ గురించేలే" అని నవ్వింది అత్తయ్య.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. రెండు జతలు తీసుకెళ్తుంటే రెండింటినీ ఒకే డబ్బాలో వేయకండి. వేరువేరుగా దూదిలో చుట్టండి. రవ్వకు రవ్వ తగిలితే గీతలు పడతాయి.